లెక్కకు తగ్గ జ్వరం

“ఇకపై విశాఖలో జ్వరం గణితం చెప్పినట్టే నడుచుకుంటుంది” అని మంత్రి గుణశేఖర్ గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. ముందుగా చప్పట్లు కొట్టింది అర్జునరావు. చప్పట్లు మొదలుపెట్టడంలో గాజువాక మొత్తానికి అతన్ని మించినవాడు లేడు. ఏళ్ల తరబడి పార్టీ సభలకు జనాన్ని తోలుతున్నాడు. ఈసారి కార్పొరేటర్ టికెట్ రాకపోతే వీధిలో తలెత్తుకోలేనని అతని భయం.

ఊళ్లో దగ్గుతో కూడిన కొత్త జ్వరమొకటి బయలుదేరింది. అది ఎలా పాకుతుందో ముందే లెక్కగట్టే మోడల్‌ను యూనివర్సిటీలో గణితం చెప్పే జ్యోతిర్మయి గారికి అప్పగించారు.

“ఒక రోగి సగటున ఇద్దరు ముగ్గురికి అంటిస్తున్నాడు సర్. దాన్ని ఆర్ వాల్యూ అంటాం” అందావిడ.

“ఒకటికి మించరాదని జీవో ఇచ్చేద్దామా?”

“అది జీవోలు చదవదు సర్. జనం ఎక్కడ, ఎంతమంది గుమిగూడారో చెప్పండి.”

“ఇంకెక్కడ, మొన్న మన సభలో! ఎంతమందొచ్చారు అర్జునరావ్?”

“రెండు లక్షలు బాబూ!”

వచ్చింది రెండు వేలు. వాళ్లలోనూ సగం మంది బిర్యానీ అందగానే పెందుర్తి బస్సెక్కేశారు. అయినా వందతో హెచ్చవేయడం పార్టీలో ఆనవాయితీ, దాన్నెవరూ అబద్ధమనుకోరు. పాపం, కంప్యూటర్ ఏ పార్టీలోనూ పనిచేయలేదు. సోమవారానికి ఆస్పత్రిలో ఎనిమిది వందల మంది ఉంటారని తేల్చేసింది. మంత్రిగారు ఆ అంకెను సగర్వంగా పేపర్లకిచ్చారు.

సోమవారం వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నది ఆరుగురు. “రోగులు లేరంటే సభకు జనమే రాలేదన్నమాట” అని ప్రతిపక్షం టీవీల్లో నవ్వింది.

మంత్రిగారు అర్జునరావును పిలిపించారు. “జనం వచ్చారా, రాలేదా?”

“ఒచ్చారు బాబూ.”

“మరి రోగులేరయ్యా?”

అర్జునరావు అక్కడే ఉన్న జ్యోతిర్మయి వైపు చూశాడు. జనం సంఖ్య సరిచేస్తే మోడల్ దానంతటదే సరిపోతుందని జ్యోతిర్మయి నచ్చజెప్పబోయింది.

“అమ్మా, జ్వరాన్నైనా తగ్గించుకుందాం గానీ మన జనాన్ని తగ్గించొద్దు” అన్నారు మంత్రిగారు.

మర్నాడే అర్జునరావు తోలిన జనంతో ఆటోనగర్ నుంచి ఆటోలు బారులు తీరాయి. ఓ ఫంక్షన్ హాలు ప్రత్యేక వార్డయింది. మంచానికొకరు, పూటకో పొట్లం. చేరినవాళ్లలో నూకాలు అనే పాత కార్యకర్తకు ఒక సందేహం వచ్చింది.

“బావా, మీటింగుకైతే జిందాబాదంటాం. ఇక్కడేటి సెయ్యాల?”

“దగ్గాల. టీవీవోలొత్తే గట్టిగా దగ్గాల” అన్నాడు అర్జునరావు.

దగ్గు సహజంగా రావాలని అసలు రోగులు ఆరుగురినీ తెప్పించి హాలు నడుమ పడుకోబెట్టాడు. వాళ్లను చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారని అతని ఆలోచన. జ్యోతిర్మయి పరుగున వచ్చింది.

“జబ్బు లేనివాళ్లను రోగుల పక్కన పెట్టకండి, మీకు దండం పెడతాను!”

“మీ లెక్క నిలబెట్టడానికే కదా మేడం ఇదంతా” అన్నాడు అర్జునరావు, కాస్త నొచ్చుకుని. నాయకుడన్నవాడు త్యాగం తన ఇంటినుంచే మొదలెట్టాలి కాబట్టి మొదటి మంచం మీద తన తల్లి వెంకటరమణమ్మను పడుకోబెట్టాడు. మంత్రిగారు మాస్కు పెట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, జనాన్ని చూసి పొంగిపోయారు.

వారం తిరిగేసరికి టికెట్ ఖాయమైందని ఫోనొచ్చింది. అర్జునరావు ఆనందం పట్టలేక హాల్లోకి పరిగెత్తాడు.

“అమ్మా, టికెట్టొచ్చేసిందే! ఇంక దగ్గక్కర్నేదు. లెగు, ఇంటికెల్లిపోదాం.”

వెంకటరమణమ్మ గుండె పట్టుకుని, ఊపిరి అందాక కొడుకు వైపు చూసింది.

“నిన్నట్నించీ ఆపుదామనే సూత్తన్నాన్రా నాయనా. ఆగట్నేదు.”