ప్రతి విండో పక్కనా రేవతి

ఆ బుధవారం పొద్దున మునికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, స్నానం చేయాలి, పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని బెంగుళూరు ఆఫీసులో ఉన్న మేనేజరు బాలసుబ్రమణ్యానికి తన పని చూపించాలి. ఆయన మెచ్చితే తిరుపతిలో ఈ మేడమీది వాటాలోనే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. మెచ్చకపోతే ఏడాది పాటు బెంగుళూరులో కంపెనీ హాస్టలు, నలుగురికి ఒక గది. మునికుమార్‌కు పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఆ నలుగురిలో రేవతి ఉండదు.

ఆ మాటకొస్తే ఇప్పుడూ లేదు. మన ఆషాఢం లాంటి ఆడి నెల రాగానే మామగారు కుప్పుస్వామి కారు వేసుకొచ్చి కూతుర్ని సత్యవేడు తీసుకెళ్లిపోయాడు. ఈ నెలంతా కొత్త అల్లుడూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు కాబట్టి మునికుమార్ అక్కడికి వెళ్లడానికీ లేదు. రేవతి వెళ్లినప్పటి నుంచి ఇల్లు మరీ పెద్దదైపోయింది. ఫ్రిజ్ ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం కూడా అతనికి వినిపిస్తోంది. కాఫీ అలవాటుగా రెండు గ్లాసులకు కలుపుతాడు, రెండూ తనే తాగుతాడు. రెండోది తాగేటప్పుడు లేచి రేవతి కూర్చునే వైపుకు మారతాడు.

అతని లాప్‌టాప్ అందరి దానిలాంటిది కాదు. తెర మీద గుర్తులుండవు, మెనూలుండవు, మౌసుతో పని లేదు. టైలింగ్ విండో మేనేజర్ అనే చిన్న ప్రోగ్రాము, ఏ విండో తెరిచినా నేల మీద బండలు పరిచినట్టు పక్కపక్కన సర్దేస్తుంది. ఒక్కటే ఉంటే తెరంతా దానిదే. రెండోది వస్తే చెరి సగం. మూడోది వస్తే మళ్లీ పంపకం. అదెలా నడుచుకోవాలో ఒక ఫైల్లో మనమే రాసి పెట్టాలి. కొత్త దంపతులు ఊటీ వెళతారు, వీళ్లిద్దరూ ఆ ఫైలు ముందు వారం రోజులు కూర్చున్నారు. రేవతి పుత్తూరులో ఎంసీఏ చదివింది. మూడో రోజుకే అతను రాసినదాంట్లో తప్పు పట్టుకుంది. మునికుమార్ మెళ్లో దండ పడిన రోజు కూడా అంత మురిసిపోలేదు.

ఆ పొద్దున ఒకే ఒక్క విండో తెరంతా పరుచుకుని ఉండటం చూస్తే, పెద్ద మంచం మీద ఒక్కడే పడుకున్నట్టు అనిపించింది. అప్పుడే అతనికి ఆ ఆలోచన వచ్చింది. పులికాట్‌లో పడవ మీద తీసిన ఫోటో ఒకటుంది. గాలికి జుట్టంతా మొహం మీద పడి, సగం మాత్రమే కనిపిస్తూ రేవతి నవ్వుతూ ఉంటుంది. ఏ విండో తెరుచుకున్నా దాని పక్కన ఆ ఫోటో తెరవమని ఫైల్లో ఒక్క వాక్యం రాశాడు. ఇక తను ఏ పని చేస్తున్నా పక్కన రేవతి కూర్చుని ఉంటుంది. ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్లాడు.

వచ్చి, మార్పు అమలయ్యే మీట నొక్కి, ఒక విండో తెరిచాడు. పక్కన రేవతి ప్రత్యక్షమైంది. అతను నవ్వాడు. రేవతి పక్కన ఇంకో రేవతి వచ్చింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె పక్కన మరో రేవతి, కింద ఇంకొకతె. పంపకాలు జరిగే కొద్దీ ఫోటోలు పోస్టుకార్డంత అయ్యాయి, అగ్గిపెట్టెంత అయ్యాయి, చివరికి చింతగింజంత రేవతులు తెరంతా నిండిపోయి నవ్వుతున్నారు. లాప్‌టాప్ లోపలి ఫ్యాను మిక్సీలా అరవసాగింది.

ఆపేసి మళ్లీ వేశాడు. రాసింది ఫైల్లోనే ఉంది కాబట్టి మళ్లీ వచ్చారు. ఫైలు దిద్దుదామని తెరిస్తే, అదీ ఒక విండోనే. దాని పక్కన రేవతి, ఆమె పక్కన రేవతి, రెండు అక్షరాలు కొట్టేలోపల ఫైలు దారప్పోగులా సన్నబడి ఎక్కడుందో తెలియకుండా పోయింది.

ఆ మోతకు కింద వాటాలో ఉండే ఇంటాయన మునిరామయ్య మెట్లెక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి తెర వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, పొద్దున ఏమన్నా తిన్నావా?"

"లేదు సార్. రెండు గ్లాసులు కాఫీ తాగినా."

"ఇన్ని ఫోటోలు ఎందుకు పెట్టుకున్నావప్పా?"

"నేను పెట్టింది ఒకటే సార్. మిగతావన్నీ వాటంతట అవే వస్తా ఉండాయి."

మునిరామయ్య నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి కత్తిపీట, గ్యాసు రెగ్యులేటరు చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. బాధ్యత ఉంది కదా అని సత్యవేడుకు ఫోన్ చేసి, అల్లుడి మనసు కాస్త అటూ ఇటూ అయిందనీ, భయపడాల్సిందేమీ లేదనీ, కత్తిపీట తన దగ్గరే ఉందనీ చెప్పాడు.

మునికుమార్ రేవతికి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేస్తే మళ్లీ ఎంగేజ్. అటువైపు ఆమె ఫోన్లో అత్తగారు బంధువుల్లో ఒక్కొక్కరికీ చెప్పుకుని ఏడుస్తోందని అతనికి తెలియదు. ఆ ఇంట్లో తన గురించి అందరూ మాట్లాడుకుంటున్న ఆ సమయంలో, తనతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేక అతను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెరలోంచి ఇంతమంది రేవతులు చూస్తున్నారు, ఒక్కతీ పలకదు.

పదకొండు కావస్తోంది. అప్పుడొక ఉపాయం తట్టింది. ఏదైనా ఒక విండోను తెరంతా పరిచే మీట ఒకటుంది. మీటింగు విండో తెరిచీ తెరవగానే దాన్ని నొక్కాడు. మీటింగు తెరంతా పరుచుకుంది. వెనకాల ఫోటోలు వస్తూనే ఉన్నాయి, కానీ కనబడవు. కనబడని వాటితో మనకేం పని అనుకుని, తన తెర అందరికీ కనిపించేలా పెట్టి, బాలసుబ్రమణ్యానికి నమస్కారం చెప్పాడు. ఆయనతో పాటు మరో ఆరుగురు పెద్దలు కూర్చున్నారు.

చూపించాల్సిన పని వేరే విండోలో ఉంది. అది తెరిస్తే వెనకాలే తెరుచుకుంది. దాన్ని ముందుకు తేవాలంటే పరిచిన మీటింగును తీయక తప్పదు. మునికుమార్ ఒకసారి కళ్లు మూసుకుని తీశాడు. బెంగుళూరు గోడ మీద, పెద్ద తెర నిండా, లెక్కలేనంతమంది రేవతులు నవ్వారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. రెండు చేతులూ మీటల మీదే ఉండటంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు. మీటింగులో మైకు ఆపాలన్న సంగతి గుర్తు రాలేదు.

"ఏమండీ, ఏమైంది మీకు? ఈడ అమ్మ ఒకటే ఏడస్తా ఉండాది," అంది రేవతి.

అతను జరిగింది చెప్పాడు. ఎందుకు రాశాడో కూడా చెప్పాడు. మంచం సంగతి చెప్పాడు, రెండో గ్లాసు సంగతి చెప్పాడు. పెద్దలు ఏడుగురూ విన్నారు. అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం, దాని వెనకే చిన్న నవ్వు వినిపించాయి.

"ఫోటో తెరుసుకునేది విండోలోనే కదా. మరి దాని పక్కన కూడా ఫోటో పెట్టల్ల కదా అది? మీరు సెప్పిన పనే సేస్తా ఉండాది, పాపం."

ఇంతలో కుప్పుస్వామి ఫోన్ లాక్కున్నాడు. "అల్లుడూ, నువ్వేం దిగులు పడొద్దప్పా. మా ఆడమనిషిని వాళ్ల చెల్లెలింటికి తోలేస్తా. అత్త ఇంట్లో లేకపోతే గడప గొడవే లేదు. నువ్వు మొదటి బస్సుకే వచ్చేయ్."

తల్లిని ఎక్కడికీ తోలేయనక్కర్లేదని చెప్పి రేవతి ఫోన్ తిరిగి తీసుకుంది. కంట్రోలు, ఆల్ట్ పట్టుకుని ఎఫ్ మూడు నొక్కమంది. అది తెర వెనకాల ఉండే ఇంకో గది లాంటిది. ఒట్టి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప అక్కడ విండోలే ఉండవు, అందుకే ఫోటోలూ రావు. అక్కడ కూర్చుని, ఆమె చెప్పినట్టే ఆ వాక్యం ముందు ఒక గుర్తు పెట్టి దాని నోరు మూయించాడు. ఇంకో మాట కొట్టగానే ఫోటోలన్నీ ఆగిపోయాయి. తిరిగి వచ్చేసరికి తెర శుభ్రంగా ఉంది. మునికుమార్ తను చేసిన పనంతా చూపించాడు.

బాలసుబ్రమణ్యం చిత్తూరు మనిషి. బెంగుళూరులో ఎన్నేళ్లున్నా మాట మారలేదు. "పని బాగుండాది మునికుమార్. నువ్వు తిరుపతిలోనే ఉండబ్బా. మా టీములో ఒక్కరికే అట్లా ఒప్పుకుంటారు, అది నీకే ఇచ్చేస్తా ఉండా," అన్నాడు. మునికుమార్ కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఫోన్లో ఆ పాప ఇంకా ఉండాదా?" అని అడిగాడాయన.

ఉంది. ఎక్కడ పని చేస్తోందని అడిగితే ఎక్కడా లేదంది. ఆయన రెండు మూడు ప్రశ్నలు వేశాడు, పక్కన కూర్చున్నవాళ్లు ఇంకో నాలుగు వేశారు. రేవతి తడుముకోకుండా చెప్పింది. ఇంత నిమ్మళంగా తప్పు పట్టుకునే మనిషి కోసమే తాము ఆర్నెల్లుగా వెతుకుతున్నామని, మా దగ్గర చేరతావా అని బాలసుబ్రమణ్యం అడిగాడు.

"సేరతా సార్," అంది రేవతి. మునికుమార్ ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాడు. సత్యవేడులో కుప్పుస్వామి కొట్టిన చప్పట్లు కూడా వినిపించాయి. ఒకే ఇల్లు, ఒకే కంపెనీ, రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన. అతనికి అన్నీ కళ్ల ముందు కనబడిపోయాయి.

"శానా సంతోషం. కొత్తోళ్లు మొదటి ఏడాది బెంగుళూరులోనే ఉండల్లమ్మా. ఆడపిల్లల హాస్టల్లో గది సెప్పేస్తా," అన్నాడు బాలసుబ్రమణ్యం.

మునికుమార్ చప్పట్లు సగంలో ఆగాయి. తిరుపతి తనకొద్దు, తనూ బెంగుళూరు వచ్చేస్తానన్నాడు. రావచ్చుగానీ మగవాళ్ల హాస్టలు ఊరికి ఆ చివర ఉందనీ, అయినా తిరుపతి కాగితం ఇప్పుడే పైకి పంపేశాననీ ఆయన ప్రేమగా చెప్పాడు. చేరతానన్న మాట వెనక్కి తీసుకోవడం రేవతికీ రాలేదు, తీసుకోమనడం అతనికీ రాలేదు.

ఆడి నెల ముగిసిన మర్నాడు కుప్పుస్వామి కుటుంబంతో సహా తిరుపతి వచ్చాడు. అత్తగారు ధైర్యంగా గడప దాటి లోపలికి వచ్చి, అల్లుడికి పాయసం చేసి పెట్టింది. సాయంత్రం అందరూ కలిసి రేవతిని బెంగుళూరు బస్సెక్కించారు.

ఆ యేడు వాళ్లింట్లో ఆడి నెల పదమూడు నెలలు నడిచింది.