షెడ్డులో సకుటుంబంగా

ఆ ఉదయం జనరేటర్ బాబాయి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పేపరు చదవడం, పన్నెండున్నరకి భోంచేయడం, ఒంటిగంటకి పెరటి చివరి షెడ్డులో కునుకు తీయడం. మిల్లు జనరేటర్ గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పేరు అది, మిగిలిన కోరిక ఈ కునుకు. ఇంట్లో ఆ కోరిక తీరే దారి లేదు. భార్య మిక్సీ, కోడలి కుట్టుమిషను, కొడుకు స్పీకర్‌ఫోను, ఇద్దరు మనవరాళ్ళ కొట్లాట వంతులు వేసుకున్నట్టు మోగేవి. అందుకే ఆయన పాత రేకుల షెడ్డు శుభ్రంగా ఊడ్చి ఒక మడతమంచం వేసుకున్నాడు. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఎనభై మీటర్ల పెరడు. ఆ ఎనభై మీటర్లే ఆయన ఆస్తి.

తొమ్మిదిన్నరకి గోడ అవతల, ఇంటి నుంచి షెడ్డు దాకా పెరటి పొడవునా ఉన్న ఖాళీ స్థలంలో ఒక సర్వేయరు, షెడ్డును ఆనుకుని ఎర్రరంగు గీత గీస్తూ కనిపించాడు.

"ఏంటి బాబూ అది?" అన్నాడు బాబాయి.

"కరెంటు నిలవచేసే బ్యాటరీలు పెడతారండీ. పెద్ద పెద్ద కంటైనర్లు, పద్నాలుగు. నివాసానికి యాభై మీటర్ల దూరం ఉండాలని రూలు. మీ ఇంటి నుంచి కొలిచాం, సరిపోయింది."

"చప్పుడొస్తుందా?"

"చల్లబరిచే ఫ్యాన్లుంటాయి కదండీ. కాస్త హోరుగా ఉంటుంది."

బాబాయి గోడ మీదికి వంగాడు. "మరి ఈ షెడ్డు నివాసం కాదా? నేనుంటున్నానుగా ఇందులో!"

"ఒక్కరే అయితే కాపలా గది కింద రాసుకుంటామండీ. కుటుంబం ఉంటేనే నివాసం."

బాబాయి అబద్ధాలాడే మనిషి కాడు. పాపం, అలవాటు లేకపోవడం వల్లే ఎంత ఆడాలో తెలియలేదు. "కుటుంబమంతా ఇక్కడే ఉంటాం" అనేశాడు.

"మరి ఆ ఇల్లు?"

"అదా... సామాన్లు పెట్టుకుంటాం."

సర్వేయరు రెండు గదుల డాబా ఇంటిని ఒకసారి, రేకుల షెడ్డును ఒకసారి చూశాడు. చెప్పింది రాసుకోవడం వరకే తన పని కాబట్టి రాసుకున్నాడు. "గురువారం పదిగంటలకి ఆఫీసరుగారు తనిఖీకి వస్తారు. అందరూ ఉండండి" అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

సంగతి విని భార్య చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏమండీ, నలభై ఏళ్ళ కాపురాన్ని తీసుకెళ్ళి రేకుల షెడ్డులో పడేశారా?"

"ఒక్క గంటే! ఆయన వచ్చి వెళ్ళేదాకా."

"ఆయన ఇల్లు కూడా చూస్తానంటే, నాన్నా?" అన్నాడు కొడుకు.

ఆ ప్రశ్నతో పని రెట్టింపైంది. షెడ్డును ఇల్లు చేయడమే కాదు, ఇంటిని షెడ్డు చేయాలి. బుధవారమంతా స్టవ్వు, కుట్టుమిషను, అద్దం, పరుపులు పెరట్లో ఊరేగాయి. ఎదురుగా తుప్పు పట్టిన డబ్బాలు, విరిగిన కుర్చీలు ఇంట్లోకి ప్రయాణం కట్టాయి. సోఫా మీద సిమెంటు బస్తాలు పెడుతుంటే కోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "మామయ్యగారూ, కవర్లు నిన్ననే ఉతికానండీ" అంది.

ఆ ఊరేగింపు మందుల షాపాయన కంట పడింది. బ్యాటరీ వ్యతిరేక కమిటీకి అధ్యక్షుడాయన. బ్యాటరీలు అంటుకుంటాయని పదిహేను రోజులుగా పక్క వీధుల్లో ఇంటింటికీ తిరిగి చెబుతున్నాడు. వినేవాళ్ళు తగ్గినప్పుడల్లా జుట్టు రాలుతుందని కూడా కలుపుతున్నాడు. విషయం తెలిసి బాబాయిని కావలించుకున్నాడు. "మన పోరాటానికి మీ షెడ్డే ఆయువుపట్టు, బాబాయ్! సాక్షుల సంగతి నాకొదిలెయ్యండి."

గురువారం పదిగంటలకి ఆఫీసరు వచ్చేసరికి షెడ్డులో ఆరుగురు, బయట ఇరవై మూడు మంది సాక్షులు ఉన్నారు. ఆఫీసరు మెత్తటి మనిషి. లోపలికి అడుగు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళుగా ఉంటున్నారమ్మా?"

"నిన్నటి నుంచి" అంది చిన్న మనవరాలు.

కుటుంబమంతా ఒక్కసారిగా దగ్గింది. మందుల షాపాయన ముందుకు దూకాడు. "చిన్నపిల్లండీ, దానికి అన్ని రోజులూ నిన్నే! ఈ పిల్లలిద్దరూ ఈ షెడ్డులోనే పుట్టారు. మందులు నేనే ఇచ్చాను."

వారం వారం ఆ ఇంటి తలుపు తట్టి బట్టలు తీసుకెళ్ళే ఇస్త్రీ ఆయన తక్కువ తినలేదు. "ఆ ఇంట్లోనా? మనిషన్నవాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదండీ" అన్నాడు.

ఆఫీసరు అన్నీ రాసుకున్నాడు. ఇరవై మూడు సంతకాలూ తీసుకున్నాడు. వెళ్ళేముందు బాబాయి చేతులు పట్టుకుని, "ఈ రేకుల కింద ఆరుగురు... మీకు అన్యాయం జరగనివ్వను" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. బాబాయికి సిగ్గేసింది.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. మందుల షాపాయన దాన్ని గేటు దగ్గర అందరికీ వినిపించేలా చదివాడు. "షెడ్డు నివాసమేనని రుజువైనందున, దానికి యాభై మీటర్ల లోపు ఒక్క బ్యాటరీ కూడా పెట్టరాదు."

చప్పట్లు మోగాయి.

"కావున బ్యాటరీలన్నిటినీ స్థలం రెండో చివరకు, ఎవరూ నివసించని సామాన్ల గది పక్కకు మార్చడమైనది. వీధిలో తర్వాతి నివాసం అక్కడికి యాభై రెండు మీటర్లు."

చప్పట్లు ఆగిపోయాయి. భార్య తన వంటింటి కిటికీ వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. కిటికీ వైపే ఎక్కువ ప్రేమగా చూసింది.

"అబద్ధం చెప్పామని ఇప్పుడు రాసిచ్చేస్తే?" అన్నాడు కొడుకు.

"ఇరవై మూడు మందిమీ ఇరుక్కుంటాం!" అన్నాడు మందుల షాపాయన, ఉత్తర్వు మడతపెడుతూ.

బ్యాటరీల పక్కన స్టవ్వు వెలిగించేది లేదని భార్య తేల్చిచెప్పింది. మూడు నెలలకి కంటైనర్లు దిగిన రోజున కాపురం షెడ్డులోకి దిగింది, ఈసారి నిజంగానే. సిమెంటు బస్తాలు మళ్ళీ సోఫా ఎక్కాయి. మిక్సీ బాబాయి తలవైపు, కుట్టుమిషను కాళ్ళవైపు అమిరాయి. స్పీకర్‌ఫోనుకు గుమ్మం, మనవరాళ్ళకు మడతమంచం దక్కాయి. వారం రోజులు ఆయన కంటికి కునుకు లేదు. ఇంత చేసింది ఆ ఒక్క కునుకును కాపాడుకోవడానికే కదా అని తలుచుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

ఎనిమిదో రోజు ఒంటిగంటకి బాబాయి దిండు చంకలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా పెరడు దాటి ఖాళీ ఇంట్లోకి వెళ్ళాడు. సోఫా మీది బస్తాలు కిందికి దించి నడుం వాల్చాడు. కిటికీ అవతల పద్నాలుగు కంటైనర్ల ఫ్యాన్లు ఒకే తీరున హోరుమంటున్నాయి. మిల్లులో ముప్ఫై ఏళ్ళు, ఎవరూ చూడనప్పుడు, అచ్చం ఇలాంటి హోరు పక్కనే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. ఆ సంగతి ఇంతకాలం ఎలా మర్చిపోయాడో ఆయనకే తెలియలేదు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది.

మూడింటికి ఎవరో తలుపు తట్టారు. "బాబాయ్! లోపలున్నారా? ఈ బ్యాటరీలు తీసెయ్యాలని కొత్త అర్జీ పెడుతున్నాం. మొదటి సంతకం మీదే" అంటున్నాడు మందుల షాపాయన.

బాబాయి కళ్ళు తెరవకుండానే దిండు సర్దుకుని, "ఇది నివాసం కాదండీ, ఇక్కడెవరూ ఉండరు" అన్నాడు.