రెజిమెంటల్ బజారు రచయితల తయారీ కేంద్రం

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారులో మా కాటాల దుకాణం పై అంతస్తున రచయితల తయారీ కేంద్రం దిగ్విజయంగా నడుస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కేంద్రంలో ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు. అందువల్ల సరుకు నాసిగా ఉందన్న ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి వ్యాపారంలో ఉన్నాను. ఇంత శుభ్రమైన వ్యాపారం ఇంతకుముందు చూడలేదు.

నేను అమ్మేది కాటాలు. కూరగాయల బండికి చిన్నది, బియ్యం కొట్టుకు పెద్దది, బోయిన్‌పల్లి మార్కెట్లో బస్తాలు తూచేవాళ్లకు ప్లాట్‌ఫారం కాటా. మా నాన్న భీమవరం నుంచి వచ్చి ఈ దుకాణం పెట్టినప్పుడు నాకు ఒకే సూత్రం చెప్పాడు. కాటా అమ్మేవాడు అందులో ఏం తూస్తారని అడగకూడదు. ఉల్లిపాయలు తూస్తారా, వెండి తూస్తారా అన్నది మనకు సంబంధించిన సంగతి కాదు. ముల్లు సరిగ్గా నిలబడితే చాలు. ఈ సూత్రం నన్ను చాలా చిక్కుల నుంచి కాపాడింది. సాహిత్యంలో కూడా ఇంతగా పనికొస్తుందని మాత్రం అప్పట్లో తెలియదు.

పై గది చాలాకాలం ఖాళీగా ఉండేది. వేసవిలో పైకప్పు రేకులు కాలతాయి. కింద బజారు రొద ఎప్పుడూ ఉంటుంది. ఒక ట్యూషన్ మాస్టారు, ఒక దర్జీ, ఒక జ్యోతిష్కుడు వచ్చి చూసి వెళ్లారు. ఈ గదిలో తనకు భవిష్యత్తు కనపడటం లేదని జ్యోతిష్కుడు చెప్పాడు. ఆ తర్వాత హరికిషన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఇల్లు చిలకలగూడలో. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరి కుటుంబాలు, రెండు టీవీలు. గదిలోకి వచ్చి ఆయన రేకులు చూడలేదు, నల్లా తిప్పలేదు. పడమటి కిటికీ దగ్గర నిలబడి, టేబులు ఈడ పడుతుందన్నాడు.

ఆయన బతికేది రాసి. పెళ్లి శుభలేఖలు, దుకాణాల ప్రారంభోత్సవ ఆహ్వానాలు, నాయకుల ప్రసంగాలు, పేపర్లో వేసే శ్రద్ధాంజలి ప్రకటనలు, ఒక టీవీ సీరియల్లో అత్తగారి మాటలు. కోడలి మాటలు వేరే ఆయన రాసేవాడట. ఇద్దరూ ఏనాడూ కలుసుకోలేదు కాబట్టి గొడవ చాలా సహజంగా వచ్చేదట. ఈ పనంతా మధ్యాహ్నం తర్వాత. ఉదయం పూట మాత్రం సొంత నవల. అడ్వాన్సు నా చేతిలో పెడుతూ ఆయన అడిగింది ఒక్కటే.

"సేఠ్, ఒక నవల నడుస్తున్నది. అది ఒడిసేదాంక నన్ను గీ కిటికి కాడికెల్లి లేపకుండ్రి. గంతే."

సరేనన్నాను. అద్దె వేళకు వచ్చేది. పైన మనిషి ఉన్న అలికిడి ఉండేది కాదు. కాటా కొన్నవాళ్లకు మేం ఊరికే ఇచ్చే బాల్‌పెన్ను, దాని మీద మా దుకాణం పేరుంటుంది, దానితోనే రాసేవాడు. చక్కెర లేని చాయ్ తాగేవాడు. నా భార్య రాజ్యం మేడ మీద బట్టలు ఆరేయడానికి ఆ మెట్ల మీదుగానే వెళ్లాలి. ఒక రోజు ఆవిడ తలుపు దగ్గర ఆగి, నవల దేని గురించండీ అని అడిగిందట. ఆయన చెప్పడం మొదలుపెట్టాడట. ఆవిడ బట్టల బకెట్టు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద పొయ్యి మీద పప్పు మాడిపోయింది. దిగి వచ్చినప్పుడు ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. పప్పెందుకు మాడిందని నేను అడిగాను.

"మాడితే మాడింది లెండి," అంది.

ఆ విషయం అంతటితో ముగిసింది.

విష్ణువర్ధన్ మాకు దూరపు చుట్టం. వరసకు కొడుకవుతాడు. అంతకుముందు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఎలా నవ్వాలో నేర్పే సంస్థ నడిపాడు. ఉద్యోగాలు తగ్గడంతో నవ్వులకు గిరాకీ తగ్గింది. ఒక రోజు దుకాణానికి వచ్చి, పైన ఎవరుంటున్నారని అడిగాడు. రచయిత అన్నాను. ఒరిజినలా అని అడిగాడు. మెట్లెక్కి, తొంగి చూసి, చెప్పులు చప్పుడు కాకుండా దిగి వచ్చాడు.

"బాబాయ్, మార్కెట్లో బుక్ మూవ్ అవ్వట్లేదు. కానీ రైటర్ అయిపోవాలన్న ఫీలింగ్ ఉంది చూడండి, దానికి మాత్రం స్టాక్ చాలట్లేదు."

వ్యాపారి చెవికి ఇంతకన్నా మంచి వాక్యం ఉండదు. హరికిషన్ రాసిన ఏ వాక్యానికీ నేనంతగా కదిలింది లేదు. నిజానికి ఆయన రాసిన వాక్యం నేను ఒక్కటీ చదవలేదు కాబట్టి ఈ పోలిక పూర్తిగా నిష్పాక్షికమైనది.

కేంద్రం అలా మొదలైంది. పాఠ్యప్రణాళికలో మూడు విభాగాలు: సృజన, వ్యవహారం, ఆధ్యాత్మికం. ఆదివారాలు మాత్రమే తరగతులు. అద్దె తగ్గిస్తామంటే హరికిషన్ ఒప్పుకున్నాడు. మొదటి ఆదివారం కార్యక్రమం రచయిత ప్రత్యక్ష దర్శనం. జంబుఖానా మీద జనం కూర్చున్నారు. ఎదురుగా హరికిషన్ తన టేబులు దగ్గర కూర్చుని రాయాలి. వాళ్లు చూడాలి. అంతమంది చూస్తుంటే ఆయన చేయి కదల్లేదు. పెన్ను పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. విద్యార్థులు ముగ్ధులయ్యారు. సృజన అంటే ఇదేనని ఆ రోజే వాళ్లకు అర్థమైపోయింది.

తర్వాత ప్రశ్నలు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన కాంతమణిగారు మొదటి వరసలో కూర్చుని అంతా ఫోన్లో రికార్డు చేసుకున్నారు. రాసేటప్పుడు ఏ దిక్కుకు తిరిగి కూర్చుంటారని అడిగారు. పడమరకు అన్నాడు. జంబుఖానా మీద గుసగుసలు వచ్చాయి. ఏ పెన్ను అని అడిగారు. చూపించాడు. చాయ్‌లో చక్కెర మానేయడం సాధనలో భాగమా అని అడిగారు.

"షుగరున్నదమ్మా," అన్నాడు హరికిషన్.

"ఎంత నిగర్వి," అన్నారు కాంతమణిగారు పక్కావిడతో.

ఇంక ప్రశ్నలు రాకపోయేసరికి ఆయనే గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, గీ నవలల కథ ఏందంటే..." అని మొదలుపెట్టాడు. విష్ణువర్ధన్ మర్యాదగా చేయెత్తాడు.

"సర్, కంటెంట్ మన సిలబస్‌లో లేదు."

మర్నాటి నుంచి మా పెన్నులు ఊరికే ఇవ్వడం మానేశాను. వాటిని పై అంతస్తులో రచయిత పెన్ను అనే పేరుతో అమ్ముతున్నాం. కాటాల వాళ్లు పెన్ను లేదేమని అడిగితే, మీరు రచయితలా అని ఎదురు ప్రశ్న వేస్తున్నాం. కొందరు ఆలోచనలో పడి, పైకి వెళ్లి, కోర్సులో చేరిపోయారు.

కేంద్రం సాధించిన ప్రగతిని ఇక్కడ క్లుప్తంగా నివేదించాలి. మహా రచయితలకు ఒక్కోసారి కలం ఆగిపోతుందట. ఆ దశకు చేరుకోవడానికి వాళ్లకు సగం జీవితం పడుతుంది. మా విద్యార్థులు మొదటి వారంలోనే చేరుకున్నారు. వ్యవహార విభాగంలో చుబుకం కింద చెయ్యి పెట్టుకుని ఫోటో దిగడం, శాలువా కప్పేటప్పుడు మెడ ఎంత వంచాలి, ఎవరూ విమర్శించకముందే విమర్శకులకు జవాబు చెప్పడం, అవార్డును ముందు తిరస్కరించి ఆ వార్త పేపర్లో పడ్డాక స్వీకరించడం నేర్పుతున్నాం. శాలువాలు మావే. తరగతి అయిపోగానే మడతపెట్టి వెనక్కి ఇచ్చేయాలి. కొందరు ఇంటికి కప్పుకుపోతున్నారు. ఆ అలవాటు రచయితల్లో సహజమని విష్ణువర్ధన్ అన్నాడు.

ఆధ్యాత్మిక విభాగంలో మౌనం ప్రధానం. మాట్లాడకుండా కూర్చోవాలి. రాయకుండా కూర్చోవాలి. చివర్లో టేబులు చుట్టూ ప్రదక్షిణ చేయాలి. టేబులును అందరూ ముట్టుకుంటుంటే దాని పవిత్రత దెబ్బతింటుందని చుట్టూ ఎర్ర తాడు కట్టాం. నియమం నియమమే కాబట్టి హరికిషన్‌ను కూడా లోపలికి రానివ్వలేదు. ఆదివారాలు చాలక తరగతులు రోజూ పెట్టాం. ఏసీ బిగించాం. పడమటి వైపు తెరిచి ఉంటే విద్య బయటికి పోతుందని వాస్తు పండితుడు చెప్పడంతో కిటికీకి ప్లైవుడ్ కొట్టించాం. నేను హరికిషన్‌ను కిటికీ దగ్గర నుంచి లేపలేదన్న సంగతి పాఠకులు గమనించాలి. కిటికీనే తీసేశాను. ఇచ్చిన మాట చెక్కుచెదరలేదు.

ఆయన మెట్ల మలుపులోకి మారాడు. విద్యార్థులు ఎక్కీ దిగీ కాగితాలు తొక్కుతున్నారని అక్కడి నుంచి మా గోడౌన్‌లోకి దిగాడు. అక్కడ ప్లాట్‌ఫారం కాటా ఒకటి గోడవారగా ఉండేది. దాని మీద అట్టపెట్టె పెట్టుకుని, పక్కన స్టూలు వేసుకుని రాసేవాడు. చెయ్యి ఆనించినప్పుడల్లా ఎదురుగా ఎర్ర అంకెలు పెరిగేవి. ఆలోచిస్తూ చెయ్యి ఎత్తితే తగ్గేవి. బోయిన్‌పల్లి నుంచి వచ్చిన ఉల్లిగడ్డల వ్యాపారి అది చూసి, రాసేవాడి చెయ్యి బరువు కూడా పట్టుకుంటుందే, ఇదే కావాలన్నాడు. ఆ వారం అలాంటివి మూడు అమ్మాను. హరికిషన్ సాహిత్యం వల్ల లోకానికి మేలు జరగలేదని ఎవరూ అనలేరు.

ఇబ్బంది అక్కడే వచ్చింది. ఈమధ్య ఆయన రాసిన సంభాషణలను పైకి చదువుకుంటున్నాడు. పైన మౌనంలో ఉన్నవాళ్లకు అది వినపడుతోంది. కాంతమణిగారు కిందికి నా దగ్గరికి వచ్చి, సుబ్బరాజుగారూ, రచయితలు సాధన చేసుకునే చోట ఎవరో కూర్చుని రాస్తున్నారండీ, ఎలా చెప్పండి అని బాధపడ్డారు. అందరి సంతకాలతో వినతిపత్రం వచ్చింది. దాన్ని రాసివ్వమని హరికిషన్‌నే అడిగారట. ఆయన రాసిచ్చాడు. చాలా బాగా రాశాడు. కేంద్రం ఆవరణలో రాయరాదు అని మెట్ల దగ్గర బోర్డు పెట్టక తప్పలేదు.

ఆ సాయంత్రం గోడౌన్‌కు వెళ్లి విషయం చెప్పాను. ఆయన పెన్ను మూతపెట్టి నావైపు చూశాడు.

"సేఠ్, ఆఖరి అధ్యాయం షురూ చేసిన. జెర ఓపిక పట్టుండ్రి. గిప్పుడు లేస్తే మల్ల దొరకది."

"ఏం దొరకదయ్యా?"

"గా పిల్ల గొంతు. ఇన్నేండ్లకు ఇప్పుడిప్పుడే ఇనవడుతున్నది."

ఏ పిల్ల అని నేను అడగలేదు. మా నాన్న సూత్రం నాకు గుర్తుంది. కానీ నేను కఠినాత్ముణ్ణి కాను. ఒక మార్గం చెప్పాను. ఆయన విద్యార్థిగా చేరితే పై గదిలో కూర్చునే హక్కు వస్తుంది. ఫీజులో రాయితీ కూడా ఇప్పిస్తాను. ఆయన అట్టపెట్టె మీది కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత చేరాడు.

వెనక వరసలో కూర్చునేవాడు. మౌనం పీరియడ్‌లో తొడ మీద కాగితాలు పెట్టుకుని చప్పుడు కాకుండా రాసేవాడట. రెండుసార్లు హెచ్చరించారు. కలం ఆగిపోయిన అనుభవం పంచుకోమంటే తనకు ఆగలేదన్నాడు. ఫోటో తరగతిలో చుబుకం కింద చెయ్యి నిలపలేకపోయాడు. మూడోసారి కాగితాలు పట్టుబడినప్పుడు కాంతమణిగారే వాటిని తీసుకుని, చదవకుండా, ఎంతో హుందాగా మడిచి విష్ణువర్ధన్‌కు అప్పగించారు.

పట్టాల ప్రదానం రోజు విష్ణువర్ధన్ చేసిన ప్రసంగంలో కొంత భాగం ఇది. "ఫ్రెండ్స్, రాయడం ఎవరైనా చేస్తారు. రోడ్డు మీద బోర్డులు చూడండి, అవీ ఎవరో రాసినవే. కానీ రాయకుండానే రచయితగా జీవించడం, దట్ ఈజ్ సాధన. ఈ బ్యాచ్‌లో ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. ఆ ఒక్కరిని చూసి మనం నవ్వకూడదు. ఆయనకింకా రాయాలన్న తాపత్రయం పోలేదు. అంతే." చప్పట్లు చాలాసేపు మోగాయి. వెనక వరసలో హరికిషన్ కూడా కొట్టాడు.

మర్నాడు ఆయన కాగితాల కట్ట పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డాడు. తరగతిలో పట్టుబడిన ఆఖరి అధ్యాయం అందులో లేదు. వెళ్తున్నా సేఠ్ అన్నాడు. ఎక్కడికని అడిగితే, చూడాలె అన్నాడు. ఊరికే పంపడం బాగుండదని ఆ కట్టను తీసుకుని కౌంటర్ కాటా మీద పెట్టాను. ఆయన అంకెలు ఆగేదాకా చూశాడు.

"గింతేనా సేఠ్?"

"కాగితం కదయ్యా, అంతే తూగుతుంది," అన్నాను.

రాజ్యం వంటింట్లోంచి పరుగున వచ్చేసరికి ఆయన సందు మలుపు తిరిగిపోయాడు. అప్పటి నుంచి నేను భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆవిడ అడిగేది ఒకటే. "ఆయన గానీ కనపడ్డాడా అండీ? ఆ పిల్ల సంగతి చివరికి ఏమైందో?" నాకు తెలియదంటాను. పప్పు మాత్రం ఇప్పుడు మాడటం లేదు.

ఇదీ కేంద్రం చరిత్ర. మీరు శ్రద్ధగా ఇంతదూరం చదివారు. హరికిషన్ ఏ పెన్నుతో రాసేవాడో, ఏ దిక్కుకు కూర్చునేవాడో, చాయ్‌లో చక్కెర ఎందుకు వేసుకోడో మీకు తెలుసు. ఆ నవల దేని గురించి అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా మీకు అడ్డురాలేదు. అడిగి ఉంటే రాజ్యాన్ని పిలిచేవాణ్ణి. ఆఖరి అధ్యాయం తప్ప ఆవిడకు మొత్తం వచ్చు.

పర్వాలేదు. కొత్త బ్యాచ్ ఆదివారం మొదలవుతుంది. మీకు ప్రవేశ పరీక్ష అక్కర్లేదు.