రెండు వందల పదిహేడో కొక్కెం

గోదావరిఖని ప్రజలకు వారసత్వం లేదన్న లోటు 2007 జూలైలో తీరిపోయింది. అంతకు ముందు వాళ్లకు బొగ్గు, దగ్గు, మూడు షిఫ్టులు మాత్రమే ఉండేవి. జ్యోతినగర్ నివాసి డాక్టర్ ఎల్లేశం గారు ఆ దుస్థితికి చలించి, గని వారసత్వ పరిరక్షణ సమితిని స్థాపించి, తానే దానికి అధ్యక్షులై, మూతపడిన ఒక బొగ్గుబావి ఆవరణలో ప్రదర్శనశాల పెడుతున్నట్టు ప్రకటించారు. డాక్టరు గారు జీవితంలో ఒక్కసారి కూడా బావిలోకి దిగలేదు. అందుచేతనే ఆయన చూపు నిష్పాక్షికంగా ఉంటుందని సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది.

వారసత్వ వస్తువంటే ఏమిటో తేల్చడానికి మూడు సమావేశాలు, నాలుగు పళ్లేల మిర్చి బజ్జీలు పట్టాయి. చివరకు తేలింది ఇది. ఎవరికైనా పనికొచ్చేది సామాను. ఎవరికీ పనికిరానిది వారసత్వం. మరి తుక్కు కూడా ఎవరికీ పనికిరాదు కదా అని ఒక సభ్యుడు తెలివితక్కువగా అడిగాడు. నంబరు చీటీ అంటిస్తే వారసత్వం, అంటించకపోతే తుక్కు అని అధ్యక్షులు సెలవిచ్చారు. ఆ సభ్యుణ్ని తరువాతి సమావేశానికి పిలవలేదు.

అదే బావి ల్యాంపు రూంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన సామ్యేల్‌ను సమితి గౌరవ సలహాదారుగా నియమించింది. సలహా ఇవ్వడమంటే వస్తువుల మీది దుమ్ము తుడవడం. సామ్యేల్ మురిసిపోయి, తన తండ్రి బావికి తీసుకెళ్లిన ఇత్తడి టిఫిను డబ్బాను తెచ్చి ఇచ్చాడు. అధ్యక్షులు మూత తీసి వాసన చూశారు. అందులో ఆ పొద్దుటి పచ్చిపులుసు వాసన ఉంది.

"ఇది ఇంకా వాడుకలో ఉన్నట్టుంది. తినడం మానేసిన తరువాత దరఖాస్తు చేసుకోండి" అన్నారు.

సామ్యేల్ దానికి బాధపడలేదు. అతనికి కావలసింది వేరే ఉంది. ల్యాంపు రూం గోడ మీది బిళ్లల పలక. దానికి మూడు వందల కొక్కేలు. దిగే ప్రతి మనిషీ తన నంబరు ఇత్తడి బిళ్లను సామ్యేల్ చేతికిచ్చి దీపం తీసుకునేవాడు. బిళ్ల కొక్కేనికి వేలాడిందంటే ఆ మనిషి కింద ఉన్నట్టు. పైకొచ్చి దీపం అప్పజెప్పితే బిళ్ల చేతికొచ్చేది, మనిషి ఇంటికి పోయేవాడు. షిఫ్టు ముగిశాక ఖాళీ కొక్కేలను చూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పుకుని సామ్యేల్ తాళం వేసేవాడు. ఖాళీ పలక కంటే అందమైనదాన్ని అతను చర్చిలో కూడా చూడలేదు.

ఒక్క రెండు వందల పదిహేడు మాత్రం ఖాళీ కాలేదు. అది నర్సింగం బిళ్ల. పంతొమ్మిదేళ్ల కిందట, ఆగస్టు పదిన, గని పైకప్పు కూలినప్పుడు నర్సింగం కిందనే ఉండిపోయాడు. మనిషీ దొరకలేదు, దీపమూ దొరకలేదు. ఏటా ఆ రోజున అతని భార్య లింగవ్వ వచ్చి బిళ్లకు పసుపు కుంకుమ పెట్టి, "అన్నా, గిదన్న నాకియ్యరాదు" అని అడిగేది. దీపం వస్తే తప్ప బిళ్ల ఇవ్వకూడదని సామ్యేల్ రూలు చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి అన్నం సహించేది కాదు. ఎంత రూలు మనిషైనా కడుపు ఒప్పుకోవాలి గదా. బావి మూసిన రోజున మాత్రం, "ఈసారి ఆగస్టుకు ఇస్త చెల్లె, ప్రభువు మీద ఒట్టు" అన్నాడు. ఇచ్చేలోపే పలక మీద నంబరు చీటీ పడింది.

జూలై చివరి వారంలో సామ్యేల్‌కు జ్వరమొచ్చింది. కోలుకుని వచ్చేసరికి ప్రారంభోత్సవం ఇంక రెండు రోజులే. పలకను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మూడు వందల కొక్కేలకూ మూడు వందల బిళ్లలు తళతళలాడుతున్నాయి! ఖాళీ పలక చూడటానికి బోసిగా ఉన్నదని అధ్యక్షులు మంచిర్యాలలో కొత్త బిళ్లలు కొట్టించి నిండుగా తగిలించారట. సామ్యేల్ లెక్క ప్రకారం మూడు వందల మంది కింద, పైన ఒక్కడూ లేడు. సైరన్ ఎక్కడుందా అని చేయి గోడ తడిమింది. సైరన్‌కు కూడా నంబరు చీటీ అంటించి ఉంది.

"సార్, నర్సింగం బిళ్లేది?" అని లోపలికొచ్చిన అధ్యక్షులను అడిగాడు.

"అది అరిగిపోయి, మసిపట్టి, తక్కినవాటితో జత కుదరలేదు. దిగులు పడకండి. ఫొటో తీయించి కంప్యూటర్లో భద్రపరిచాం. ఇక అదే అసలు. తుప్పు పట్టదు, అరగదు, ఎవరూ పసుపు పూయలేరు. అసలు కంప్యూటర్లోకి వెళ్లాక, చేతిలో మిగిలింది ఉత్త నకలు."

"ఆ నకలన్న ఇయ్యుండ్రి సార్. మీకు పనికిరాదు గదా."

"పనికిరాదని ఎవరన్నారు?" అంటూ అధ్యక్షులు వెళ్లిపోయారు.

సమితి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే డెబోరా, సామ్యేల్ వెళ్లే చర్చి పిల్లే. తెర మీద బిళ్ల ఫొటో తెరిచి చూపించింది. పళ్లెమంత పెద్దగా, పసుపు మరకతో సహా కనిపించింది. సామ్యేల్ వేలు పెట్టి తడిమాడు. అద్దం తగిలింది.

"తాతా, గట్ల ఏడ్వకు. కిందికి చూడు" అంది డెబోరా మెల్లగా.

వంగి చూశాడు. కంప్యూటరు బల్ల ఊగకుండా దాని ఒక కాలి కింద బిళ్ల పెట్టి ఉంది. రెండు వందల పదిహేడు. దేశంలో ఏ పలకా మోయనంత బరువు మోస్తోంది.

సామ్యేల్ రూలు మనిషి కాబట్టి నేరుగా అధ్యక్షుల దగ్గరికే వెళ్లాడు. "సార్, అది వాడుకల ఉన్నది. అంటే వారసత్వం కాదు. ఇంటికి తీస్కపోత." డాక్టరు గారు ఈ వాదానికి ఎంతో సంతోషించారు. సమితి నిర్వచనాన్ని ఒక కార్మికుడు ఇంత చక్కగా అర్థం చేసుకోవడం ఇదే మొదటిసారి. వాడుకలో ఉంది గనుక అది ఆఫీసు సామానని, ఆఫీసు సామాను బయటి వ్యక్తులకు ఇవ్వరాదని, బల్ల ఊగితే దేశ చరిత్రే ఊగుతుందని వివరించి, భుజం తట్టి పంపించారు.

ముప్పై ఏళ్లు రూలు తప్పని సామ్యేల్ ఆ ఒక్కసారి తప్పాడు. మర్నాడు మధ్యాహ్నం అధ్యక్షులు భోజనానికి పోగానే, పలక మీది కొత్త రెండు వందల పదిహేడును ఊడదీసి తెచ్చాడు. డెబోరా బల్ల ఎత్తి పట్టింది. పాతది తీసి కొత్తది పెట్టాడు. బల్ల ఊగలేదు. చరిత్రకు ఏ నష్టమూ జరగలేదు.

సాయంత్రం లింగవ్వ ఇంటికి వెళ్లి బిళ్లను ఆమె అరచేతిలో పెట్టాడు.

"దీపం దొరికిందా అన్నా?"

"లేదు చెల్లె. దీపం లెక్క నేను సూస్కుంట."

లింగవ్వ అరిగిన నంబరును వేలితో తడిమింది. తరువాత, "బిళ్ల ఇంటికొచ్చిందంటే మనిషి పైకొచ్చినట్టేనాయె" అని కొంగున ముడేసుకుంది. పంతొమ్మిదేళ్ల తరువాత నర్సింగం షిఫ్టు ముగిసింది. సామ్యేల్ ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

ప్రారంభోత్సవం మర్నాడే, ఆగస్టు పదిన. ముఖ్య అతిథికి ఆ రోజే తీరిక దొరికింది. శాలువాలు కప్పడం అయ్యాక అందరూ పలక ముందుకు చేరారు. ముఖ్య అతిథి చూపు నేరుగా ఆ ఒక్క ఖాళీ కొక్కెం మీదనే పడింది. అక్కడ బిళ్ల లేదేమని అడిగారు.

డాక్టరు గారు ఒక్క క్షణమే తడబడ్డారు. పండితులు కాబట్టి వెంటనే తేరుకున్నారు. "రెండు వందల తొంభై తొమ్మిది మంది శ్రమజీవులు విధి నిర్వహణలో లీనమై ఉన్న అపురూప దృశ్యమిది. ఇక ఆ ఒక్కడు, ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టినవాడు! అటువంటి సోమరులు ఏ కాలంలోనైనా ఉంటారు."

జనం పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. డెబోరా తల వంచుకుని, అధ్యక్షుల ఆదేశం మేరకు కంప్యూటర్లో రెండు వందల పదిహేడు పక్కన 'గైర్హాజరు' అని కొట్టింది. వెనక నిలబడ్డ సామ్యేల్ ముందుకు కదలబోతే లింగవ్వ చేయి పట్టి ఆపింది.

"నవ్వనియ్యి అన్నా. మనోడు ఇంట్ల ఉన్నడు. గా కిందున్నోళ్ల సంగతి సూడమను."

తెలంగాణ రాష్ట్రం వచ్చాక, ఆ రోజు తీసిన పలక ఫొటో డాక్టరు గారి మాటలతో సహా ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. మీరూ చూసే ఉంటారు. ఎంత బాగుందోనని నలుగురికి పంపి కూడా ఉంటారు. ఆ పలక ప్రకారం రెండు వందల తొంభై తొమ్మిది మంది నేటికీ పైకి రాలేదు. వాళ్ల గురించి ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు. ఆ సోమరి ఎవరని మాత్రం అందరూ అడుగుతున్నారు.