పుంజు ఉంటేనే పొరుగువాళ్ళు

పోయిన మంగళవారం మా కోడిపుంజును పంపించేశాను. ఆ క్షణం నుంచి వీధి ప్రశాంతంగా ఉందట. నాకు మాత్రం తీరని నష్టం. కాబట్టి పాఠకులకు నా సలహా ఒక్కటే: ప్రతి ఇంట్లోనూ ఒక పుంజు ఉండాలి, దాని మీద ఒక కంప్లయింటు ఉండాలి!

నవ్వకండి. ఈ రోజుల్లో పొరుగువాళ్ళను మీ గుమ్మం ఎక్కించగలిగేది ఇంకేముంది?

ఆ పుంజు మా అక్కది, వీధి అందరికీ బట్టలు కుట్టిపెట్టిన మా అక్కది. పెట్ట అనుకుని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చింది. అది మొదటిసారి కూసిన రోజున కూడా ఒప్పుకోలేదు.

"జలుబు చేసిందే దానికి. గొంతు మారింది."

"అక్కా, అది పుంజు."

"నీ పాఠాలు బళ్ళో చెప్పుకో. గుడ్డు పెట్టాక మాట్లాడదాం."

గుడ్డు పెట్టలేదు. నాలుగు నెలల క్రితం అక్క పోయింది. పుంజు కూస్తూనే ఉంది.

కంప్లయింటు పుట్టాక చూడాలి మా ఇంటి వైభవం! ఎన్నడూ గేటు దాటి రాని కాలనీ సెక్రటరీగారు మూడుసార్లు వచ్చారు. అక్క కాలరు తిప్పి కుట్టిన చొక్కా వేసుకునే వచ్చారు.

"మీరు బాధలో ఉన్నారని తెలుసు మేడం. అందుకే ఇన్నాళ్ళూ డిస్టర్బ్ చెయ్యలేదు. కానీ ఈ కోడి మరీ..."

ఎంత సున్నితమైన మనసు!

ఎదురింటి పళ్ళ డాక్టరుగారికి నిద్ర చాలడం లేదట. ఆయన కారు అలారం పిల్లి తుమ్మినా మోగుతుంది, అది వేరే సంగతి. పక్కింటావిడ శబ్దకాలుష్యం గురించి నాకు అరగంట బోధించారు. వాళ్ళింట్లో ఏడాదిగా నడుస్తున్న డ్రిల్లింగ్ మిషన్‌కు అప్పుడే విరామం ఇచ్చారు కనుక ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు.

"మా కర్టెన్ల గుడ్డ మీ అక్క దగ్గరే ఉండిపోయింది టీచరుగారూ. కుట్టకపోయినా పర్లేదు, కాస్త వెతికి పెట్టండి."

మొత్తం పన్నెండు సంతకాలు! మా ఇల్లు కాక వీధిలో ఉన్నవే పన్నెండు ఇళ్ళు. చెత్తకుండీ ఎవరింటి ముందు పెట్టాలో ఆరేళ్ళుగా తేల్చుకోలేనివాళ్ళు ఒక్క పూటలో ఏకమయ్యారు. ఇంతటి ఐకమత్యం తెచ్చిన ప్రాణిని కోడి అనవచ్చునా?

పెంచుకునేవాళ్ళకు పుంజును ఊరికే ఇస్తానని ప్రకటన పెట్టాను. తొమ్మిది ఫోన్లు వచ్చాయి. జంతుప్రేమికులు! తొమ్మిదిమందీ అడిగింది ఒకటే.

"బరువెంత ఉంటుందండీ?"

చివరికి మా స్కూలు ఆయా వచ్చింది. "ఏం తింటుందమ్మా ఇది?" అని అడిగింది. ఆమెకే ఇచ్చాను. బుట్టలో కూర్చోబెట్టి, పైన తన పాత తువ్వాలు కప్పి పట్టుకెళ్ళింది. మలుపు దాటేదాకా దాని గొంతు వినిపించింది. జలుబేమీ లేదు.

మధ్యాహ్నానికి కాలనీ గ్రూపులో సెక్రటరీగారి మెసేజ్: "టీచరుగారి సహకారానికి కృతజ్ఞతలు." దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ఆ తరువాత మా గేటు గడియ ఎవరూ తియ్యలేదు. ఎందుకు తీస్తారు? పని అయిపోయింది కదా!

అక్క పోయినందుకు నన్ను పలకరించడానికి ఈ వీధిలోంచి ఇంకా ఎవరూ రాలేదు.