ఓజస్‌కి రావలసిన ఆరేళ్ళు

అన్న ఓజస్ తరవాత రెండేళ్ళకి పుట్టి, ఇప్పుడు వాడికంటే నాలుగేళ్ళు పెద్దదయిపోయిన మేధ, ఇకనుంచి వాడు తనని అక్కా అంటే తప్ప ఇడ్లీ తిననని పొద్దున్నే పేచీ పెట్టింది.

"అన్నయ్య చేత అక్కా అనిపించుకుంటావా? నలుగురూ నవ్విపోతారే," అంది నాయనమ్మ.

"వాడికి మూడు, నాకు ఏడు. లెక్క నువ్వే చెప్పు."

ఓజస్ ఏ వరసా పెట్టి పిలవకుండా దాని కంచంలో ఇడ్లీ తీసుకుని తినేశాడు. తగువు అక్కడితో తేలిపోయింది.

కాకినాడలో చిన్నపిల్లల ఎదుగుదల మీద దీర్ఘకాలిక పరిశోధన చేసే కేంద్రం ఒకటుంది. ఓజస్ కడుపులో ఉండగానే వాళ్ళమ్మ శశికళ వాణ్ణి అందులో చేర్పించింది. ఏటా ఒక అధికారి ఇంటికొచ్చి, పిల్లవాడు మెట్లెలా ఎక్కుతున్నాడో, అమ్మానాన్నలు ఎలా ఉన్నారో చూసి సంతకం పెడితేనే వాడు పై వయసులోకి వెళతాడు. మూడో ఏడు చూడవలసిన అధికారికి బదిలీ అయింది. ఆరేళ్ళుగా ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. మేధని చేర్పించలేదు కనక అది మామూలుగానే పెరిగింది. కేంద్రంలోనే చేరిన వెనక వీధి పాప పాకడం దగ్గరే ఆగిపోతే, వాళ్ళమ్మ మోకాళ్ళ దగ్గర చిరగని గౌన్లు కుట్టడం నేర్చుకుని ఇప్పుడు బాగానే అమ్ముతోంది.

ఇంట్లో మూడేళ్ళ పిల్లాడున్నంతకాలం భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన అవసరం రాదు కాబట్టి కుటుంబ క్షేమం మెరుగ్గా ఉందని కేంద్రం ఆమధ్య నివేదిక కూడా ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం కొత్త అధికారిణి వచ్చింది. ఓజస్ మెట్లెక్కడం చూసి సంతకం పెట్టింది.

"ఆలస్యమైందమ్మా, ఏమనుకోకండి. బాబుకి ఆరేళ్ళు రావాలి. ఒకేసారి తీసుకుంటారా, ఏడాదికొకటి చొప్పున ఇమ్మంటారా?"

"తేడా ఏంటండీ?"

"ఒకేసారైతే రేపు పొద్దున తొమ్మిదేళ్ళవాడై లేస్తాడు. ఏడాదికొకటైతే నాలుగులోకి వెళతాడు. కాకపోతే కాగితాల్లో తొమ్మిదే ఉంటుంది, చిన్న తరగతుల్లో చేర్చుకోరు. రాత్రిలోగా ఫోన్ చేసి చెప్పండి."

నాలుగో ఏట మేధ గోడమీది బల్లికి సరస్వతి అని పేరు పెట్టి బువ్వ తినమని బతిమాలింది. ఆరో ఏట ఊడిన పన్ను ఎవరికీ ఇవ్వనని గుప్పిట్లో పెట్టుకుని నిద్రపోయింది. ఓజస్ ఏం చేస్తాడో చూడాలని శశికళ ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. బియ్యం కడిగినంతసేపూ నాలుగే అనుకుంది.

రాత్రి భోజనాల దగ్గర ట్రెజరీలో పనిచేసే ఆమె భర్త ఫణీంద్ర, "ఏరియర్స్ ఎవరైనా ముక్కలుముక్కలుగా అడుగుతారా?" అన్నాడు.

శశికళ ఓజస్‌కి పప్పన్నం కలిపి, ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెట్టింది.

"ఒకేసారే తీసుకుందామండీ. నాలుగో తరగతి సిలబస్ అప్పుడే సగమైపోయిందట."

"మరి మధ్యలోవి?" అంది అత్తగారు.

"మధ్యలోవి ఎవరికి గుర్తుంటాయత్తయ్యా?"

అందరూ తమ తమ మధ్యలోవి గుర్తుచేసుకోబోయి, చారు వడ్డించుకున్నారు. శశికళ ఎడంచేత్తో ఫోన్ తీసి భర్త ముందు పెట్టింది.

"పనిలో పనిగా, మన మేధకి కూడా ఓ రెండేళ్ళు ముందుగా ఇస్తారేమో కనుక్కోండి."