సముద్రం మీద ఆయుధపూజ

ఆ రోజు పొద్దున బృంద వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అమ్మను లేపాలి, పై అంతస్తులో ఇడ్లీ లేని టిఫిను ఎలాగో తినిపించాలి, ఓడ దీవికి చేరగానే ఇద్దరూ దిగి ఆ నీలం నీళ్ళలో కాళ్ళు పెట్టి ఒక ఫోటో తీసుకోవాలి. అంతే. కోయంబత్తూరులో ఆమె పనిచేసే నూలుమిల్లు మిషన్ల కంపెనీ, అమ్మకాలు బాగా చేసిందని ఇద్దరికి కరీబియన్ ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. భర్త వసంతకుమార్‌కు పళని కొండ మీదికి పోయే వించ్ బండిలోనే కళ్ళు తిరుగుతాయి. అందుకని రెండో టికెట్టు అమ్మ పాపమ్మాళ్‌కు వచ్చింది.

పాపమ్మాళ్‌కు అరవై దాటాయి. సింగానల్లూరులో కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టే పట్టరై ఆమెది. పట్టరై అంటే అక్కడివాళ్ళ మాటలో వర్క్‌షాపు. ఓడ ఎక్కిన నాటి నుంచి ఆమె తెరిచిన నోరు మూయలేదు. కింద సముద్రం, సముద్రం మీద ఓడ, ఓడ నెత్తిన ఒక కొలను, ఆ కొలనులో మళ్ళీ మనుషులు. "ఇది ఓడ కాదు కన్ను, ఊరు. ఊరిని పెరికి నీళ్ళ మీద పెట్టినారు" అని కూతురికి రోజూ చెప్పేది. కన్ను అంటే వాళ్ళ వైపు తమిళం కలిసిన తెలుగులో బంగారం అని పిలిచినట్టు. కానీ అన్నిటికంటే ఆమెను కట్టిపడేసింది కాళ్ళ కింద సన్నగా ఆగకుండా ఉండే అదురు. గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకొని, ఎక్కడో అడుగున ఇంత ఊరిని తోస్తున్న ఆ మోటారు ఎంత ఉంటుందో అని ఊహించుకొని, ఊహ చాలక వదిలేసేది.

ఆ రోజు ఆయుధపూజ. కోయంబత్తూరు వైపు పట్టరైలు ఉన్నవాళ్ళకు దాన్ని మించిన పండుగ లేదు. మిషన్లన్నీ కడిగి, గంధం రాసి, దాని మీద కుంకుమ పెట్టి, ఆ రోజంతా వాటికి సెలవిస్తారు. బొట్టు పెట్టిన మిషను స్విచ్చి ఎవరూ వెయ్యరు. పాపమ్మాళ్‌కు ఈ పండుగ మీద ఇంకో మమకారం కూడా ఉంది. భర్త ఆండియప్ప పోయినప్పటి నుంచి పెళ్ళిళ్ళలో ఆమె చేతికి కుంకుమ పళ్ళెం రాదు. ఎవరూ ఏమీ అనరు. పళ్ళెం దానంతట అదే ఆమెను దాటి పక్కకు పోతుంది. ఆయన పోయిన ఏడు ఆయుధపూజనాడు పట్టరైలో బొట్టు పెట్టడానికి వేరే ఎవరూ లేక, ఆమే వెళ్ళి లేతు మిషనుకు పెట్టింది. లేతు ఏమీ అనలేదు. అప్పటి నుంచి ఏడాదిలో ఆ ఒక్క రోజు ఆమె చెయ్యి బొట్టు పెట్టే చెయ్యి.

ఈ ఏడు ఆ రోజు సముద్రంలో వచ్చింది. పట్టరైని అల్లుడికి అప్పగించి వచ్చింది కానీ, మనసు ఓడ ఇంజను మీద పడింది. ఇంత మందిని మోసుకుపోయే మిషనుకు ఒక బొట్టు లేకపోతే ఎలా అని ముందురోజే బృందను వెంటబెట్టుకొని కౌంటరు దగ్గరికి పోయింది. అక్కడున్న అమ్మాయి చాలా మర్యాదగా, ప్రయాణికులను కిందికి పంపరని చెప్పింది. పాపమ్మాళ్ వదల్లేదు.

"నేను దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోనని చెప్పు కన్ను. సుమ్మా ఊరికే ఒక బొట్టు పెట్టి వచ్చేస్తా."

ముట్టుకోకుండా బొట్టు ఎలా పెడతారో ఇంగ్లీషులో చెప్పడం చేతకాక, బృంద ఆమె చెయ్యి పట్టుకొని గదికి లాక్కొచ్చింది. విషయం అక్కడితో అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. తెల్లవారుజామునే పాపమ్మాళ్ తలస్నానం చేసి, కొత్త చీర కట్టి, గంధం ఉండా కుంకుమ భరిణా తీసుకొని చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చింది. పెద్ద మిషను దగ్గరికి పోనివ్వకపోతే చిన్నవాటికి చేద్దాం, ఆ పుణ్యం ఎలాగో కిందికి దిగుతుంది అన్నది ఆమె లెక్క. తమ గది తలుపుతో మొదలుపెట్టింది. లిఫ్టుకు పెట్టింది. కాఫీ మిషనుకు పెట్టింది. జనం నడిచినా ముందుకు పోని ఆ నడక మిషన్లు ఉన్న గదిలోకి వెళ్ళి, వాటి కష్టానికి జాలిపడి ఒక్కొక్కదానికి రెండేసి పెట్టింది. తిరిగి వస్తుంటే వరండా కనిపించింది. మధురై మాట్టుతావణి బస్టాండును తీసి సాగదీసినట్టు, ఆ కొస నుంచి ఈ కొస వరకు తెల్లటి తలుపులే. పండుగ పూట తలుపు బోసిగా ఉండటం ఆమె కంటికి బాగుండలేదు. అన్నిటికీ పెట్టాలంటే కుంకుమ చాలదు, ఇంజనుకని కొంత దాచుకోవాలి కూడా. కాసేపు ఆలోచించి, ఇన్ని రోజుల్లో తనను చూసి నవ్వినవాళ్ళ తలుపులకు మాత్రం పెట్టాలని తీర్మానించుకుంది. నిక్కరు వేసుకొని తిరిగే తాత తలుపుకు పెట్టింది. ఎర్రటోపీ ముసలావిడకు పెట్టింది. కొత్తగా పెళ్ళైన జంటకు కొంచెం పెద్దదే పెట్టింది. నవ్వనివాళ్ళను తలుచుకొని, పాపం వాళ్ళకు ఏం కష్టమో అనుకొని దాటిపోయింది.

కాసేపటికి వరండా తుడిచే పనివాడు వచ్చాడు. తెల్లటి తలుపు మీద ఎర్రటి మచ్చ చూసి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, మందు చల్లి తుడిచాడు. పళని కుంకుమ అలాంటి మందులకు లొంగే రకం కాదు. చుక్కగా ఉన్నది జెండా అంత అయింది. అప్పుడే తలుపు తీసిన ఎర్రటోపీ ఆవిడ ఆ తొడుగులూ ఆ ఎరుపూ చూసి ఇదేమిటని అడిగింది. కంగారుపడాల్సిందేమీ లేదన్నాడు అతను. ఓడలో మనిషిని కంగారుపెట్టడానికి ఇంతకంటే మంచి మాట లేదు.

ఆమె వరండాలోకి వచ్చి చూసింది. కొన్ని తలుపులకు మచ్చ ఉంది, కొన్నిటికి లేదు. ఊరికే పెట్టినవైతే అన్నిటికీ ఉండాలి కదా. ఓడల్లో కడుపు జబ్బులు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయని అందరూ విన్నవాళ్ళే, భోజనశాల గుమ్మంలో చేతులు కడుక్కోండని పొద్దస్తమానం చెప్పేది అందుకే. ఎవరో ఆ తలుపులను ఫోటో తీసి ప్రయాణికుల గ్రూపులో పెట్టారు. టిఫిను వేళకల్లా ఎర్రమచ్చ ఉన్న గదుల్లో రోగులున్నారని ఓడంతా తేలిపోయింది.

నిక్కరు తాత ఈ సంగతి తెలియకుండా పళ్ళెం నిండా వడ్డించుకొని కూర్చున్నాడు. పక్కవాళ్ళు పళ్ళేలు పట్టుకొని లేచిపోయారు. ఎదుటివాళ్ళూ లేచారు. ఎందుకో కనుక్కున్నాక ఆయన తన కడుపును తాకి చూసుకున్నాడు. తాకి చూసుకుంటే నొప్పి లేని కడుపు లోకంలో ఎక్కడుంటుంది. ఆయన డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన వెనక ఎర్రటోపీ, ఆమె వెనక కొత్త జంట, వాళ్ళ వెనక మచ్చ లేకపోయినా ముందుజాగ్రత్త ఉన్నవాళ్ళు. అంత వరుస చూసిన తర్వాత డాక్టరు కప్తానుకు చెప్పక తప్పలేదు. కప్తాను దీవికి చెప్పక తప్పలేదు. మేము వచ్చి పరీక్ష చేసేదాకా దూరంగానే ఉండండి అన్నారు దీవివాళ్ళు.

సగం ఖాళీ అయిన భోజనశాలలో, రొట్టెముక్క నములుతున్న పాపమ్మాళ్ ఒక్కసారిగా నమలడం ఆపింది. బల్ల మీద అరచెయ్యి ఆనించింది. అదురు లేదు. "కన్ను, ఆగిపొయ్యింది" అంది, గుడిలో మాట్లాడినట్టు. ఆయుధపూజనాడు ఇంత పెద్ద మిషను తనంతట తాను సెలవు తీసుకుందని ఆమె ఒళ్ళు పులకరించింది.

మైకులో కప్తాను గొంతు వచ్చింది. బృంద వింటూ ఒక్కొక్క మాటా తెలుగు చేసి చెబుతోంది. కడుపు జబ్బు అనుమానం ఉందంట, ఈరోజు దీవిలో దిగేది లేదంట, తలుపుల మీద ఎర్ర మచ్చలు ఎవరు పెట్టినారో కనుక్కుంటా ఉన్నారంట. అక్కడికి వచ్చి ఆమె నోరు ఆగింది. కళ్ళు అమ్మ ఉంగరపు వేలి మీద పడ్డాయి. వేలి కొస ఎర్రగా ఉంది.

"అమ్మా, ఏమి చేసినావు?"

"ఏమి చేసినాను? ఆయుధపూజ చేసినాను."

"ఎన్ని తలుపులకి?"

"నవ్వినోళ్ళకంతా."

అమ్మ ఎదురుపడిన ప్రతివాళ్ళనూ చూసి నవ్వుతుంది. తిరిగి నవ్వనివాళ్ళు ఎంతమంది ఉంటారు. బృంద తల పట్టుకుంది. ఓడ నుంచి దించేస్తారేమో, కంపెనీ పేరు చెడుతుందేమో, పాస్‌పోర్టు మీద ముద్ర పడుతుందేమో అని వరసగా భయాలు వచ్చాయి. చెయ్యి కడుక్కో, ఎవరికీ చెప్పకు, గదికి పోయి పడుకుందాం అంది.

"బొట్టు పెట్టిన చెయ్యి ఎందుకు కడిగేది? దొంగతనమా చేసినాను?" అంటూనే పాపమ్మాళ్ తల తిప్పింది. అద్దాల తలుపు అవతల, డాక్టరు గది బయట నిక్కరు తాత ఒక్కడే కుర్చీలో కూర్చొని ఉన్నాడు. అటూ ఇటూ కుర్చీలు ఖాళీ, మిగతావాళ్ళు దూరంగా గోడ వారన నిలబడ్డారు. ఆయన ఎవరిని చూసీ నవ్వడం లేదు. ఆమె చేతిలోని రొట్టెముక్కను పళ్ళెంలో పెట్టేసింది. పక్కన కుర్చీ ఖాళీగా ఉండటం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"రా, ఆ కప్తాను సారు దగ్గరికి పోదాము."

"చెప్పినావంటే ఇంక నిన్ను ఇంజను పక్కానికే రానియ్యరమ్మా. బాగా యోచన చెయ్యి."

పాపమ్మాళ్ కొంగున కట్టిన భరిణను ఒకసారి తడిమింది. ఇంజనుకని దాచిన కుంకుమ అందులోనే ఉంది. "తెలుసు" అంది, లేచింది.

కప్తాను పొడుగైన మనిషి, తెల్లబట్టల్లో పెళ్ళికొడుకులా ఉన్నాడు. డాక్టరూ, ఓ మూల నూనె మరకల బట్టలతో ఇంజన్ల పెద్దాయనా కూర్చొని ఉన్నారు. బృంద ఇంగ్లీషులో మొదలుపెట్టి, నవరాత్రుల నుంచి లేతు మిషను దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఎవరూ నమ్మినట్టు లేదు. అప్పుడు పాపమ్మాళ్ ముందుకు వచ్చి కప్తాను బల్ల మీది గడియారానికి గంధమూ కుంకుమా పెట్టి పక్కకు తప్పుకుంది. డాక్టరు దాన్నీ, ఫోనులోని ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు.

కప్తాను మాత్రం నవ్వలేదు. జబ్బు లేదని తేలినా, ఒకసారి దీవికి చెప్పాక వాళ్ళు వచ్చి చూసి పొమ్మనేదాకా ఓడ కదలకూడదని, ఈ ఒక్క వేలి వల్ల ఓడలో ఉన్న వాళ్ళందరి రోజూ పోయిందని, నెమ్మదిగా చెప్పాడు. బృంద తల దించుకొని అదంతా అమ్మకు చెప్పింది. పాపమ్మాళ్ ఇద్దరి తరఫునా చేతులు జోడించింది. ఆ తాతకు ముందు కబురు పంపమంది. తర్వాత కొంచెం తటపటాయించి, ఒకే ఒక్క మాట అడగమంది.

"మిషను నిజంగా ఆఫ్‌లోనే ఉండాదా అని అడుగు."

బృంద అడగనంది. ఏమంటోందో చెప్పి తీరాలన్నాడు కప్తాను. చెప్పక తప్పలేదు. ఈరోజు మిషన్లకు సెలవని, అది ఆగితే అమ్మకు సంతోషమని, సగం నమిలి చెప్పింది.

మూలనున్న ఇంజన్ల పెద్దాయన లేచి నిలబడ్డాడు. మీసాలు తెల్లవి, మనిషి బీరువా అంత. ఇక కేకలు వేస్తాడని బృంద కళ్ళు మూసుకుంది. ఆయన కప్తానుతో చెబుతున్నది వేరే. ఒక్క రోజు ఈ మోటార్లు ఆపితే లోపలి గొట్టాలు విప్పి శుభ్రం చేసుకుంటానని నెలల తరబడి ఆఫీసును బతిమాలుతున్నాడట. దీవుల తేదీలు తప్పుతాయని వాళ్ళు ఒప్పుకోలేదట. ఈరోజు ఓడ ఆగగానే తన మనుషులు గొట్టాలు విప్పారట, ఇంకో వారం ఇలాగే నడిపి ఉంటే మోటారు తనంతట తానే ఆగేదట. ఇంజన్లకు సెలవు ఉండాలని తెలిసిన మనిషిని ఇన్నేళ్ళలో ఇప్పుడే చూస్తున్నానని, ఈమెను కిందికి తీసుకుపోతానని అన్నాడు. కప్తాను గడియారం మీది బొట్టు వంక చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

ఇనుపమెట్లు దిగుతూ ఉంటే తరగడం లేదు. అడుగున తలుపు తెరుచుకున్నాక పాపమ్మాళ్ అడుగు వెయ్యలేకపోయింది. గుళ్ళో గోపురం చూసినట్టు తల వెనక్కి వాల్చి చూసింది. రోజూ ఒళ్ళో పెట్టుకొని తీగ చుట్టే వస్తువే. ఇక్కడ అది ఇల్లంత ఉంది. దాని చుట్ల మధ్య మనుషులు నిలబడి పనిచేస్తున్నారు. దాని ముందు చెప్పులు విడిచింది. ఎక్కడో ఒక మిషను గుయ్యిమంటూనే ఉండటం చెవిన పడి, అదెందుకు ఆగలేదని అడిగింది. దీపాలకూ వంటకూ అది ఆగకూడదని చెప్పారు. "సరిలే, ఇంట్లో ఆడోళ్ళకి లీవు లేని మాదిరి" అని దానికి ముందు గంధం రాసింది.

తర్వాత పెద్ద మోటారు దగ్గరికి వచ్చింది. ఏనుగు కుంభస్థలం లాంటి ఆ ఇనుము మీద ఆమె పెట్టిన బొట్టు ఆవగింజంత ఉంది. చెయ్యి వెంటనే తియ్యలేదు. వేడి ఇంకా ఉంది. "పడుకో సామీ" అంది. కళ్ళు తుడుచుకొని వెనక్కి తిరిగితే, పెద్దాయన టోపీ తీసి తల వంచి నిలబడి ఉన్నాడు. తనకూ పెట్టమని అర్థం.

పాపమ్మాళ్ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కన్ను, మనుషులకి నేను పెట్టకూడదని చెప్పు."

బృంద అమ్మ ముఖం చూసింది. పెళ్ళిళ్ళలో పళ్ళెం పక్కకు పోయిన ప్రతిసారీ తనూ అక్కడే ఉంది, తనూ ఏమీ అనలేదు. ఈసారి అమ్మ మాట ఇంగ్లీషులో ఆమె నోటికి రాలేదు, రానివ్వలేదు.

"ఆయనకి ఆ కతలంతా తెలీదమ్మా. నడుము నొస్తాది పాపం, పెట్టు."

ఆ వేలు ఆండియప్ప పోయిన తర్వాత మనిషి నుదుటిని తాకలేదు. మెల్లగా వెళ్ళి, తెల్ల కనుబొమల మధ్య ఆగింది. పెద్దాయన తల ఎత్తి, అద్దం లాంటి ఇత్తడి మూతలో తనను తాను చూసుకొని, నచ్చిందన్నట్టు మీసం దువ్వుకున్నాడు. ఆయన వెనక పనివాళ్ళంతా టోపీలు తీసి వరుసలోకి వచ్చారు. బృంద వెళ్ళి ఆ వరుస చివర నిలబడింది. భరిణ అడుగు గీకి గీకి, పాపమ్మాళ్ ఆఖరి బొట్టు కూతురికి పెట్టింది.

సాయంత్రం దీవివాళ్ళు వచ్చి చూసి, ఎవరికీ ఏ జబ్బూ లేదని తేల్చారు. రేపు సూర్యోదయానికి ఓడ బయలుదేరుతుందని మైకులో చెప్పారు. బృంద ఆ మాట చెబితే పాపమ్మాళ్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"రేపు విజయదశమి. మిషను మళ్ళీ మొదలుపెట్టేదానికి అదే మంచి రోజు. ఆ కప్తాను మంచి నాళ్ళు చూసే పెట్టినాడు."

ఆ తెల్లదొరకు పంచాంగం చూడటం వచ్చునని సింగానల్లూరులో ఇప్పటికీ నమ్ముతున్నారు.